పీలికల పెట్టె

ప్రియమైన పెద్దతల్లికి,

ఇక్కడ నేనూ పిల్లా బాగానే ఉన్నాం. బాగానే అంటే, రెండు సంగతులు చెప్పాలి.

కొట్లో పీలికల పెట్టెలోంచి గుడ్డ పోతోంది. పీలికలైతే పోనీ అనుకుందును. మెత్తని తెల్ల లైనింగు, మూరల లెక్కన. కాజాలు కుట్టే ఆమెను అడిగితే, "ఇన్నేళ్లకి దొంగనయ్యానా అన్నయ్యా" అని ముఖం తిప్పుకుంది. పెట్టెకు తాళం వేశాను.

రెండోది నీ కూతురు. బడి బట్టలకు కొలతలు ఇవ్వనంది. టేపు చూస్తే గోడకు అతుక్కుపోతుంది. పోయినేటి కొలతకు అంగుళం కలిపి కుట్టాను. బిగిసింది కాబోలు, పుస్తకాల సంచీ గుండెకు అదుముకుని నడుస్తోంది. కడుపునొప్పని నాలుగు రోజులు బడి మానింది. నులిపురుగుల మందు వేశాను. ఇప్పుడు ఇక బడికే వెళ్లనంటోంది. అదే నా బెంగ. గుచ్చి అడగడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

నీ నాన్న

*

నాన్నకు,

ముందు వెళ్లి పెట్టె తాళం తియ్యి. మిగతాది తర్వాత చదువు.

దొంగ మనింట్లోనే ఉంది. దానికి పన్నెండు నిండాయి. నెలసరి మొదలై ఉంటుంది. ఇక్కడ ఆసుపత్రి వార్డులో నర్సుగా ఎవరెవరి పిల్లలకో విడమరిచి చెప్తాను. నా పిల్లకు సెలవులో చెబుదాంలే అనుకున్నాను.

నేనూ ఆ పెట్టెలో చెయ్యి పెట్టినదాన్నే నాన్నా. అమ్మ పోయిన మరుసటేడు. నీ పాత చొక్కా వీపు కత్తిరిస్తే నువ్వు ఎలుకల్ని తిట్టావు. ఎండలో ఆరేస్తే చూస్తావని మంచం కింద దాచి, ఆ తడిగుడ్డలే వాడి జ్వరం తెచ్చుకున్నాను. పది రోజులు మిషను ఆపి పక్కన కూర్చున్నావు. ఒక్క మాట అడగలేదు. ఏదో తప్పు చేశాననే అనుకుంటూ పెరిగాను. ఆ తర్వాత పెట్టెలో ఎప్పుడూ పైనే మెత్తని ముక్కలు దొరికేవి. అదొక్కటే నా అదృష్టం.

దాన్ని అలా పెరగనివ్వకు. నాకు సెలవు దొరకడానికి ఇరవై రోజులు పడుతుంది. అంతదాకా ఆగకు. నువ్వే చెప్పు.

నీ కూతురు

*

పెద్దతల్లికి,

తాళం తీశాను. మూడుసార్లు దాని ఎదుట కూర్చుని, మూడుసార్లూ "అన్నం తిన్నావా" అని అడిగి లేచాను.

కాజాలామెను బతిమాలాను. "గుడ్డ సంగతి నేను చెప్తాను. తాళం వేసింది నువ్వు. ముందు నువ్వు మాట్లాడాలి. నోటికి కుట్లు వేసుకున్నావా?" అంది.

రేపు చూస్తాను.

నాన్న

*

పెద్దతల్లికి,

చెప్పాను.

సూదిలో దారం ఎక్కించమని ఇచ్చాను. నా కళ్లకు ఆనదు, రోజూ అదే ఎక్కిస్తుంది. అది సూది వంక చూస్తుంటే నేను మిషను వంక చూస్తూ అన్నాను. "ఆ పెట్టె నీదే. తాళం వేయడం నా తప్పు. నీకు వచ్చింది జబ్బు కాదు. మీ అమ్మకూ వచ్చింది, అమ్మమ్మకూ వచ్చింది."

"అమ్మమ్మ రక్తం పోయే కదా చచ్చిపోయింది" అంది.

ఆ మాట దానికి చెప్పింది నేనే. కాన్పులో అని మాత్రం చెప్పలేదు. నాలుగు నెలలుగా తనూ పోతాననే అనుకుంటోంది. మరి ఎవరికీ చెప్పలేదేమే అంటే, "నేను పోతే నీకు దారం ఎవరెక్కిస్తారు తాతయ్యా? ముందే తెలిస్తే బెంగపడతావని" అంది.

అమ్మమ్మ పోయింది కాన్పులో, దీనివల్ల కాదని అప్పుడు చెప్పాను.

మిగతాది కాజాలామె చెప్పింది. పెరట్లో బట్టలారేసే తీగ ఎండకు జరిపి కట్టాను. సోమవారం బడికి వెళ్లింది. కొలతలూ ఇచ్చింది. టేపు తనే పట్టుకుని అంకెలు చదివింది, నేను గోడవైపు తిరిగి రాసుకున్నాను. నా కళ్లకు అది ఇంకా పోయినేటి కొలతలోనే ఉంది. అందుకే పోల్చుకోలేదు.

ఇక నీ సంగతి. అప్పుడు నీ జ్వరం చూసిన డాక్టరు నాకంతా చెప్పాడు. అదృష్టమన్నావే ఆ ముక్కలు, గుర్తు తెచ్చుకో. నాలుగంచులూ మడిచి కుట్టి ఉండేవి. పీలికలకు ఎవరైనా అంచు కుడతారా తల్లీ?

గుడ్డయితే పెట్టాను గానీ, పక్కన కూర్చున్న పది రోజుల్లో చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఆలస్యమైంది. అయినా రాస్తున్నాను.

నీ తప్పేమీ లేదమ్మా.

నాన్న