కిటికీకి కట్టిన స్కీ తాడు

బుధవారం, కర్ఫ్యూ పెట్టాక

అధికారం లాక్కున్న సైన్యం మా ఊరి ఇన్యా సరస్సు కూడా మూసేసింది. నీళ్లు వాళ్ల తాతల సొత్తా? పడవ వెనక నీళ్లమీద జారేటప్పుడు పట్టుకునే వాటర్ స్కీ తాడును కిటికీ ఊచకు కట్టి, ఇంట్లోనే సాధన చేస్తున్నాను. స్కీ పందెంలో మొదట దాటాల్సిన గేటంటే నీళ్లమీద తేలే రెండు బంతులు. వాటి మధ్యకు నేనెప్పుడూ భుజాలు ముడుచుకుని, తొందరపడి దూరతాను.

"ఏటే, నీల్లతో కూడా దెబ్బలాటేనా?" అన్నాడు మా ఆయన.

ఎనిమిదింటికి సైన్యం మీద నిరసనగా వీధంతా గిన్నెలు మోగాయి. తాడు వదలబుద్ధి కాలేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకునే, రెండో చేత్తో గరిటె తీసుకుని కిటికీలోని గిన్నె వాయించాను. భుజం దానంతటదే తెరుచుకుంది, నడుం నిటారైంది.

"అదీ. ఇప్పుడు నిలబడ్డావు," అన్నాడు.

ఇన్నాళ్లూ రెండు చేతులతో బిగించి పట్టుకోవడమే నా తప్పన్నమాట. సరస్సు తెరిచిన రోజున గేటు దగ్గరికి ఒంటిచేత్తోనే వెళ్తాను. తెరుస్తారు. తెరవక ఎక్కడికి పోతారు...