గ్రంథం సంచీ, ఫెర్రైట్ బిళ్ళ

చిల్కానగర్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన సుగుణక్కకు,

ప్రభువు పేరున నీ తమ్ముడు ఏసోబు వందనాలు. ఆయన కాపుదలలో నేను ఇక్కడ క్షేమం. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పేచీ లేకుండా వెళ్తున్నారా? నా గురించి బెంగపడకు. ఎండ మన వైపు కంటే పొడిగా కొడుతుంది, చేపల కూర మన ఇంటి రుచి రాదు, అంతే.

అక్కా, ఈ వారం నా ఉద్యోగం ఊడినంత పనైంది. ఊడలేదు! అది రాయాలనే చెయ్యి ఆగడం లేదు.

నాచారంలో మా షెడ్డులో ఫెర్రైట్ బిళ్ళల పని. తుప్పు రంగు పొడిని నొక్కి కాల్చితే వచ్చే నల్లటి బిళ్ళ అది, రూపాయంత. డబ్బీలో పెట్టి పైన అయస్కాంతం ఉంచితే, టవర్లలో, రాడార్లలో పోయే మైక్రోవేవ్ తరంగాన్ని ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు! మొదటిరోజు అది మీటరు తెరమీద చూసి "హల్లెలూయా" అని లేచి నిలబడ్డాను. బడి మానేసి, పరిశుద్ధ గ్రంథం ముందు కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్న నేను, దేవుడు రాయిలో దాచిన ఆజ్ఞను కళ్ళారా చూస్తున్నానక్కా!

డబ్బీకున్న చిన్న స్క్రూలు తిప్పి, వెనక్కి వచ్చే తరంగాన్ని చూపే గీత తెరమీద కిందికి దిగేలా చేయడం నా పని. నా బల్ల దగ్గర అన్నీ చక్కగా వచ్చేవి. పక్కగదిలో తనిఖీ చేసే యాదగిరి దగ్గర మాత్రం వరసగా రెండు ట్రేలు తప్పాయి. మూడోదీ తప్పితే ఊరికి వెళ్ళిపొమ్మంది షెడ్డు నడిపే మేడమ్. నాకు రక్తం మరిగింది. భోజనాల దగ్గర అందరి ముందూ లేచి, "పక్కవాడి కష్టాన్ని తప్పని రాసే చెయ్యిని దేవుడు చూస్తున్నాడు యాదగిరీ!" అని గర్జించాను.

అతను ముద్ద మింగి, "జర గరం తగ్గించన్నా. మీటరు అబద్ధమాడదు, నేనూ ఆడ. పా, నీ బల్ల కాడనే సూద్దాం" అన్నాడు.

వచ్చాడు. డబ్బీ పెట్టాను, గీత దిగింది. "చూశావా!" అన్నాను. అతను చోటు కోసం, డబ్బీ పక్కనున్న నా గ్రంథాన్ని సంచీతోనే రెండు చేతులా తీసి, కళ్ళకద్దుకుని, దూరంగా పెట్టాడు. గీత పైకి లేచింది! మళ్ళీ తెచ్చి పెట్టాడు. దిగింది.

"ఏందన్నా, నీ దేవుడు మా మీటర్ల చెయ్యి పెడ్తుండా?"

దేవుడు కాదక్కా, నీ సంచీ! గ్రంథానికని నువ్వు కుట్టిచ్చిన సంచీకి టక్కున అంటుకునే అయస్కాంతపు గుండీలు ఉన్నాయే, అవి. మూత వేయని డబ్బీకి ఆనించి రోజూ దాన్ని పెట్టుకునేవాణ్ణి. బిళ్ళ ఆ గుండీలకూ లోబడింది, నేను దానికి తగ్గట్టే స్క్రూలు తిప్పాను. పక్కగదిలో గుండీలు లేవు, చేసిందంతా తప్పయింది.

అందరి ముందు నిందించాను కాబట్టి, టీ వేళ అందరి ముందే అతని చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

"మాఫ్ జేసిన తియ్యి. నన్ను తిట్టినంత జోరుగ గా స్క్రూలు తిప్పు" అన్నాడు.

గ్రంథాన్ని బీరువాలో పెట్టి మూడో ట్రే సరిచేశాను. యాదగిరి ఒక్కొక్కటీ చూసి టిక్కు పెడుతుంటే నా పెదవులు ప్రార్థిస్తూనే ఉన్నాయి. అన్నీ నెగ్గాయి! మేడమ్ నన్ను పనిలో ఖాయం చేసింది.

ఇవాళ ఉప్పల్‌లో ఒకరింటి ప్రార్థన కూటంలో వాక్యం చెబుతూ, ఎప్పుడూ ఎదుటివాళ్ళ మీదికి చాపే వేలును నావైపు తిప్పుకున్నాను. యాదగిరి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

బావగారికి, సంఘ పెద్దలకు నా వందనాలు. మీ ప్రార్థనల్లో నన్ను మరవకండి. నొచ్చుకోకుండా ఒక్క సాయం చెయ్యక్కా: కొత్త సంచీ కుట్టి పంపు. గుండీలు వద్దు, నాడా చాలు. యాదగిరి అన్నం డబ్బాకి కూడా ఒకటి కుట్టు. దానికీ నాడాయే.

నీ తమ్ముడు,
ఏసోబు