పగడాల తొట్టిలో పిండి ఉండలు

సూరత్,
ఆదివారం

అక్కకు,

లావణ్య నమస్కారాలు. ఇక్కడ మామ, అత్త, నేను ముగ్గురం బాగున్నాం. బాపు మోకాళ్ల నొప్పి తగ్గిందా? అమ్మ బీపీ గోళీలు మరిచిపోకుండా వేసుకుంటోందా? చింటుగాడికి పళ్లు వచ్చిన ఫొటో బావ పంపాడు, చూశాను. నా గురించి బెంగ వద్దు. వేళకు తింటున్నాను. పప్పులో బెల్లం వేస్తారని మొదట్లో ముద్ద దిగేది కాదు, ఇప్పుడు దిగుతోంది. వానలు పోయాయి కానీ ఉక్క పోలేదు. ఆరేసిన చున్నీ సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది.

కాలేజీ అయ్యాక చేసే పని గురించి ఫోన్‌లో అడిగి, "చేపల తొట్టి కడగనీకి కెమిస్ట్రీ ఎందుకే?" అని నవ్వావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద నువ్వు నాకు అడ్డు రాలేవు.

వరాఛాలో హితేష్‌భాయికి వజ్రాలు సానపట్టే కార్ఖానా ఉంది. ఆయన ఇంటి హాలులో గోడ పొడవునా ఉప్పునీళ్ల తొట్టి. అందులో చేపల కంటే పగడాలు ముఖ్యం. నీ పుస్తెలతాడులోని పగడాలకు ఇవి దూరపు చుట్టాలు. నీవి గట్టిగా, ఎర్రగా ఉంటాయి. ఇవి ప్రాణంతో ఉంటాయి, విచ్చుకుంటాయి, చెయ్యి తగిలితే ముడుచుకుంటాయి.

నేను చేరేసరికి అవి మట్టిరంగుకు తిరిగాయి. రాళ్లనిండా నాచు. చిన్న సీసాలో తొట్టి నీళ్లు పోసి మందు చుక్కలు కలిపితే నీలం తేలుతుంది. నీలం ఎంత ముదిరితే నీళ్లలో ఫాస్ఫేట్ అంత ఎక్కువ. బాపు చేనుకు చల్లే డీఏపీలో ఉండేదీ అదే. నాచుకు అది ఎరువు, పగడానికి చేటు. మా సీసా సిరాబుడ్డిలా తేలింది.

"దివాలీ సెలవుల వరకు చూస్తాను," అన్నాడు హితేష్‌భాయి. "అప్పటికీ ఇలాగే ఉంటే తొట్టి తీయించి పెద్ద టీవీ పెట్టిస్తాను."

ఆ మాటకు నా కంటే ఎక్కువ బెదిరింది ఆయన తల్లి. ఇక్కడ తల్లిని బా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. కాళ్లనొప్పులతో ఆమె ఎనిమిదో అంతస్తు నుంచి కిందికి దిగడమే మానేసింది. ఆమె కుర్చీ తొట్టికి ఎదురుగానే ఉంటుంది.

"ఇవి పోతే నాతో మాట్లాడేదెవరు, దీక్‌రీ?" అంది. దీక్‌రీ అంటే బిడ్డా అని.

కుళాయి నీళ్లు మానిపించి, శుద్ధిచేసిన నీళ్లలోనే సముద్రపు ఉప్పు కలిపాను. వారానికోసారి కొన్ని నీళ్లు మార్చాను. చేపల మేత సగం చేశాను. తుప్పు రంగు ఇనుప గుళికలను సంచిలో కట్టి నీళ్లు పారేచోట పెట్టాను. అవి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుతాయి. ఎక్కువ వేయకూడదు, ఒక్కసారిగా తగ్గినా పగడం తట్టుకోలేదు. రోజూ సీసా రంగు నోటుబుక్కులో రాశాను. మూడు వారాలు సిరా సిరాగానే ఉంది.

ఒక శనివారం కాలేజీ లేక పొద్దున్నే వెళ్లాను. బా స్నానం చేసి, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, రెండో చేత్తో గోధుమపిండి ఉండలు ఒక్కొక్కటే తొట్టిలో వదులుతోంది. ఏదో ఒక ప్రాణికి పెట్టనిదే ఆమె తినదు. కాళ్లు బాగున్నప్పుడు తాపీ నది ఒడ్డుకు పోయి చేపలకు వేసి వచ్చేదట. నాలుగేళ్ల కిందట ఇంట్లోకే చేపలు వచ్చాయి.

"హితేష్‌కు చెప్పకు. పిండే కదా, పాపం చేశానా?"

"పాపం కాదు బా, నీళ్లకు అజీర్తి."

నవ్వింది. వెంటనే ముఖం ముడిచింది. "మరి నేను తినేదెట్లా?"

అప్పుడు ఒక ఏర్పాటు చేశాను. తొట్టి కింద ఇంకో చిన్న తొట్టిలో సముద్రపు నాచు పెంచాను. పైన అది శత్రువు, కింద కూలీ. ఫాస్ఫేట్ తిని పెరుగుతుంది, పెరిగింది మనం తీసేస్తాం. తీసిన దాంట్లో ఒక్క పోగు బా తన చేత్తో పై తొట్టిలోని పసుపు చేపకు పెట్టాలి. పిండి ఉండలు మానాలి. బా ఒప్పుకుంది.

రెండు వారాలైంది. గుళికలు మార్చిన రోజు నీలం దిగేది, రెండు రోజులకే మళ్లీ ఎక్కేది. నేను నోరు జారాను.

"బా, మళ్లీ ఉండలు వేస్తున్నారా?"

ఆమె కుర్చీ పట్టుకుని లేచింది. పిండిగిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాడు చేపకు నాచు పెట్టలేదు. తానూ తినలేదని వంటామె చెప్పింది.

ఇంటికి వచ్చి మామతో చెప్పాను. మామ పల్సానాలో బట్టకు రంగులేసే మిల్లులో చేస్తాడు కదా.

"గా రాళ్లు ఎన్నేండ్ల సంది నీళ్లల్ల ఉన్నయే?"

"నాలుగేళ్లు."

"మరి ముసలామె మీదెందుకు పడ్డవ్? మా కాడ ఎర్ర బట్ట థాన్ ఒక్క నీళ్లకే రంగిడుస్తదా? తాగినంత తాగి కూసుంటది. నీళ్లు తేటగయినయంటే జర జర మళ్ల ఇడుస్తది. రాయి గూడ గంతే గావచ్చు."

"మీ మామకు దునియంత రంగునీళ్లే," అంది అత్త వంటింట్లోంచి.

ఇడవడం అన్న మాటకు ఇంత అర్థం ఉందని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు తొట్టిలోంచి ఒక చిన్న రాయి తీసి కొత్త ఉప్పునీళ్లలో వేశాను. ఒక్క రోజుకే ఆ నీళ్లు నీలం చూపించాయి. సీసా పట్టుకుని బా దగ్గరికి వెళ్లాను.

"తప్పు నాది బా. రాళ్లు తాగిందంతా ఇప్పుడు వదులుతున్నాయి."

బా సీసాను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "అయితే నాలుగేళ్లు రాళ్లక్కూడా అన్నం పెట్టానన్నమాట," అంది. చేపకు నాచు పెట్టింది. తర్వాత తానూ రెండు రొట్టెలు తింది.

నిన్న హితేష్‌భాయికి సెలవులు మొదలయ్యాయి. తొట్టి ముందు నిలబడి సీసా అడిగాడు. నీలం పలచబడింది కానీ పోలేదు. రాళ్ల సంగతి చెప్పాను. ఉండల సంగతి చెప్పలేదు. "మేత ఎక్కువ వేసి ఉంటావు," అన్నాడు. నేను తల వంచుకున్నాను.

"వేసింది నేను," అంది బా కుర్చీలోంచి. "నాలుగేళ్లు వేశాను. నీలం దిగడానికి అన్ని రోజులూ పట్టనీ. టీవీ నీ గదిలో పెట్టుకో."

ఆయన సీసాను నా చేతికిచ్చాడు. తర్వాత టీవీ దుకాణానికి ఫోన్ చేసి వద్దన్నాడు.

రోజూ సీసా రంగు ఇప్పుడు బా చెబుతోంది, నేను రాస్తున్నాను. ఇవాళ "ఉతికిన నీలం చీర" అంది. అదే రాశాను.

నా ట్రంకుపెట్టెలోని పాత నిఘంటువు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు, మామ మాటలకు ఇంకా ఏ అర్థాలున్నాయో చూడాలి. దాంతోపాటు కాస్త కారప్పొడి. నేను బాగానే ఉన్నాను, బెంగ వద్దు. అమ్మకూ బాపుకూ నా దండాలు, బావకు నమస్కారాలు, చింటుగాడి బుగ్గకు ముద్దు. మీ దీవెనలు నా మీద ఉండనీ.

నీ చెల్లెలు,
లావణ్య