తిరిగి వెళ్లని గిన్నెలు

మార్గిలాన్

గుల్చెహ్రా అక్కా,

మేం కులాసాయే, తోటే బాగాలేదు. నౌరూజ్ పండక్కొచ్చి నువ్విచ్చిన విత్తనాలే వేశాను. టమాటాలు గోలీకాయలంత కూడా కాలేదు.

పక్కింటి సనోబర్ మాత్రం వారం వారం గిన్నెడు టమాటా పళ్లు పంపుతోంది. పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా! నా దగ్గర వేసి పంపడానికేమీ లేదని తెలిసే పంపుతోంది. ఐదు గిన్నెలు నా దగ్గరే ఉండిపోయాయి. నిన్న గుమ్మంలోకొచ్చి, "ఖాళీవైనా ఇచ్చెయ్ వదినా, మాకు షోర్బా పోసుకోవడానికి గిన్నెల్లేవు" అని నవ్వింది.

ఎందుకు నవ్వినట్టు?

ఆ పళ్లు కోస్తే లోపల పసుపు చారలున్నాయి. ఆ చారలు అమ్మ దాచిన విత్తనాల పళ్లకే ఉంటాయి. ఆ విత్తనాలు నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

నిజం చెప్పక్కా, పండగనాడు ఆ విత్తనాల మూటతో ముందు ఎవరి గుమ్మం తొక్కావు?

నీ చెల్లెలు