పచ్చ రేసు వాళ్ల తెల్ల బట్టలు

లేదు సార్, ఆ కరెంటు కార్లంటే నాకేం కోపం లేదు. రోజూ గోడెక్కి చూసేది నేనే. మీ ఆఫీసుకి రెండుసార్లు వచ్చాను, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను. అందుకే ఫోన్లో టైపు కొడుతున్నా. ‘విషయం’ అని పెట్టకపోతే చదవరని మా బాబాయ్ అన్నాడు, పెడుతున్నా.

రేసు మైదానం అధికారి గారికి,

అయ్యా,

విషయం: రేసు పొగ మా డాబా మీదికి మార్చబడుట గురించి.

1. మా అమ్మ రేసు టీము వాళ్ల తెల్ల డ్రెస్సులు ఉతుకును. వాటి వీపు మీద ‘పొగ లేని రేసు’ అని పచ్చ రంగులో రాసి ఉండును. సదరు డ్రెస్సులు మా డాబా దండెం మీద ఆరవేయబడును. సదరు దండేనికి ఆనుకున్న గోడ అవతల డీజిల్ జనరేటర్ కలదు. కార్లకి చార్జింగు దాంతోనే. మిగతాది మీకు అర్థమైపోయి ఉంటుంది.

2. జనరేటర్ నడిపే అన్నని అడిగాను, “కార్లు కరెంటువి కదన్నా, మరి ఇదెందుకు డీజిల్ తాగుతుంది?” అని. “కరెంటేమన్నా చెట్టుకి కాస్తుందా రా?” అన్నాడు. కరెంటు స్తంభం గేటు పక్కనే ఉంది. లైను లాగే కాగితం నాలుగు నెలలుగా తమ సంతకం కోసం పడి ఉందంట.

3. పోయిన వారం టీము మేనేజరు మూట తెచ్చి మా గుమ్మంలో పడేశాడు.

“ఏంటమ్మా ఇది? ఉతికారా, వీటితో పొయ్యి తుడిచారా?”

“ఆ మసి మీదే బాబూ. మా ఇంట్లో గ్యాసు పొయ్యి” అంది అమ్మ.

ఇంకొక్కసారి మచ్చ కనపడితే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాడంట. అమ్మకి ఇంకో పని లేదు సార్. అప్పట్నుంచి ఒక్కో డ్రెస్సు మూడుసార్లు ఉతుకుతోంది. వేళ్లు పగిలి, ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టలేకపోతోంది. కూరలో ఉప్పు నేనే వేస్తున్నా, ఆ కూర గురించి వేరే అర్జీ పెట్టుకోవాలి.

4. పెట్రోలు కార్లప్పుడు పొగ అందరి ముందే వచ్చేది, అందరం దగ్గేవాళ్లం. సగం పెట్రోలు, సగం కరెంటు కార్లొచ్చాక సగం దగ్గాం. ఇప్పుడు మా ఇల్లొక్కటే దగ్గుతోంది. పొగ పోలేదు సార్, ఇల్లు మారింది. స్తంభం నుంచి కరెంటిస్తే ఈ కార్లు మంచివే అనుకుంటా. ఆ కరెంటు ఎక్కడ తయారవుతుందో నాకు తెలీదు. అక్కడా ఎవరిదో దండెం ఉండే ఉంటుంది.

కావున తమరు ఆ కాగితం మీద సంతకం చేయగలరు. వీలుపడనిచో సదరు జనరేటర్‌ని వీఐపీ గ్యాలరీ పక్కకి మార్చగలరు. చిత్తగించి, వెంటనే సంతకం కూడా పెట్టవలెను.

తమ విధేయుడు,
గోడ మీద కూర్చునేవాడు

సార్, ఒకటి మర్చిపోయా. రేపు ‘పొగ లేని రేసు’ కప్పు ఇచ్చేది తమరేనంట కదా. దానికి వేసుకునే తెల్ల చొక్కా మీ డ్రైవరు పొద్దున్నే మా అమ్మకి ఇచ్చి వెళ్లాడు. జేబులో పెన్ను ఉంటే తీసి జాగ్రత్త చేశాను, బాగానే రాస్తోంది. చొక్కా దండెం మీద ఉంది, ఇంకా తడి ఆరలేదు. మూడింటికి జనరేటర్ వేస్తారు. తీసెయ్యమంటారా, ఉంచమంటారా?