పిత్తం ఆయనది, పథ్యం నాది

తమ్ముడికి, ఆశీర్వదించే ఓపిక లేకపోయినా ఆశీర్వదించి అక్క రాయునది.

వైద్యుడివి కదా అని మీ బావ నీ దగ్గరికొచ్చి నాడి చూపించుకుంటే, పిత్తం ముదిరిందని చీటీ రాసి పంపావు. కారం, పులుపు, వేపుళ్ళు కూడదన్నావు. బాగానే ఉంది. కానీ "ఆయనకి వండిందే నువ్వూ తిను, ఆయనతోపాటే పెందలాడే పడుకో, ఆయనతోపాటే నడువు" అని కింద గీత గీసి మరీ రాయడమేమిట్రా? పిత్తం ఆయనది, పథ్యం నాదీనా? చప్పిడి సొరకాయ మింగలేక చస్తున్నాను. అయినా కోపమన్నదే ఎరగని మనిషికి పిత్తమేమిటి?

ఇట్లు,
అక్క

తా.క.: చీటీ వంటింటి తలుపుకి అంటించాను. ఇక అందులో లేనిదేదీ ఈ ఇంట్లో జరగదు.

*

అక్కయ్యకి నమస్కారాలు.

బావగారిది లోపల దాక్కునే పిత్తం. పైకి కనిపించదు. ఒక్కరే పథ్యం చేస్తే మధ్యలో మానేస్తారు, తోడు కావాలి. నీకంటే పద్ధతైన మనిషి ఎవరున్నారు?

విధేయుడు,
తమ్ముడు

తా.క.: నీ గుండెల్లో మంట ఎలా ఉంది? ఊరికే అడిగాను.

*

తమ్ముడూ,

నా మంట సంగతి ఇప్పుడెందుకు? అదెప్పుడో తగ్గింది. తలనొప్పీ లేదు, పడుకోగానే నిద్ర. రోగం ఆయనకిరా! నువ్వు చెప్పినప్పటినుంచీ ఆ దాక్కున్న పిత్తాన్ని కనిపెడుతున్నాను. నిన్న కంచం ముందు కూర్చుని నిట్టూర్చారు. "ఏమైందండీ?" అన్నాను. "ఏం లేదు, కూర బాగుంది" అన్నారు. ఆ కూరని బాగుందన్నారంటే జబ్బు ఎంత లోతుకి దిగిందో చూడు! అందుకే కడుపు కడిగేసే కషాయం కాస్తున్నాను. చిన్నప్పుడు నాన్నగారు మన ముక్కులు మూసి పట్టించేవారే, అదే. శనివారం సెలవు పెట్టమన్నాను. గ్లాసు నిండా పట్టిస్తాను.

నీ అక్క

తా.క.: బాత్రూం తలుపు గడియ కూడా బాగు చేయించాను.

*

అక్కయ్యా, కషాయం ఆపు! నీ కాళ్ళు పట్టుకుంటాను.

బావగారికి పిత్తం లేదు. నేను నాడీ చూడలేదు. ఆయన వచ్చి చెప్పిన మంట, తలనొప్పి, నిద్రలేకపోవడం, చిరాకు, అన్నీ నీవే. "మీ అక్క తన ఒంటికోసమైతే పుల్ల తీసి పక్కన పెట్టదు. నాకని రాయి, గడియారంలా చేస్తుంది" అన్నారు. రాశాను. నన్ను తిట్టు, ఆయన్ని వదిలెయ్.

వణుకుతూ,
తమ్ముడు

తా.క.: ఆ నిట్టూర్పు కారం కోసం.

*

తమ్ముడనిపించుకున్న వాడికి,

గ్లాసు ఆయన నోటి దగ్గర ఉండగా నీ ఉత్తరం అందింది. లాక్కున్నాను. కళ్ళు మూసుకుని తాగడానికే సిద్ధపడ్డారు గానీ నిజం మాత్రం చెప్పలేదు, ఏం మనిషిరా! ఇద్దరూ కలిసి నన్ను చంటిపిల్లని చేశారు.

మధ్యాహ్నం కారం దట్టించి వేపుడు చేశాను. ముక్కు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేశారు. నాకు మళ్ళీ సొరకాయే వండుకున్నాను. ఒకే ఇంట్లో రెండు వంటలేమిటని ఇన్నాళ్ళూ అరిచినదాన్ని నేనే.

ఆదివారం భోజనానికి రా.

అక్క

తా.క.: కషాయం పారబోయలేదు. గడియ గట్టిగానే పడుతోంది.