రెండు తడిగుడ్డలు

నాన్నా,

ఫోన్ చేస్తే తియ్యవు. అత్తయ్య చేత "పడుకున్నాడే" అని చెప్పిస్తావు. పగలు పదకొండింటికి పడుకునే మనిషివా నువ్వు? అందుకే రాస్తున్నాను. కోపంతో చింపెయ్యకు, చివరిదాకా చదువు.

నర్సమ్మ గారి పాత కారు బాగైంది. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని, దాన్ని పీల్చుకునే బొగ్గు డబ్బాకి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం ఉందే, అది ట్యాంకు పైన వంపు దగ్గర చీలింది. కింద పడుకుని చూసినా కనపడని చోటు. నువ్వు దండగన్న పొగ మిషన్ పెట్టి లోపలికి పొగ వదిలితే, రెండు నిమిషాల్లో ఆ చీలికలోంచి సన్నగా లేచింది. కొత్త గొట్టం వేశాను. ఇంజను లైటు ఆరింది, వారమైనా మళ్ళీ వెలగలేదు. "మీ నాన్నగారేరమ్మా?" అని ఆవిడ అడిగింది. ఊరెళ్ళాడన్నాను.

ఇదే కారుకి నువ్వు మూడుసార్లు ట్యాంకు మూత మార్చావు. "కారెక్కితే పెట్రోలు వాసనకి కడుపులో తిప్పుతోంది మేస్త్రీ" అని ఆవిడ మొత్తుకుంటే, "ఆస్పత్రి వాసన మీ ఒంటికి పట్టేసిందమ్మా" అని నవ్వావు. నాకూ వాసనొస్తోంది నాన్నా అన్నాను. షెడ్డు నిండా మనుషులుండగా, "నీ ముక్కు కళ్ళజోడు ఆనించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదే" అన్నావు. ముప్పయ్యేళ్ళు వాసన పట్టి ఆవిరి ఎక్కడ పోతోందో చెప్పినవాడివి, బోర్డు మీద 'ముక్కు మేస్త్రి' అని రాయించుకున్నవాడివి. ఆ ముక్కు పోయిందని నాకప్పుడే అర్థమైంది. పక్కకి పిలిచి నెమ్మదిగా అడగొచ్చు కదా? అడగలేదు. నాకూ నీలాగే ముక్కు మీదే కోపం.

మర్నాడు రెండు గుడ్డలు తడిపి తెచ్చాను, ఒకటి నీళ్ళల్లో, ఒకటి పెట్రోల్లో. అందరూ చూస్తుండగా "ఇందులో పెట్రోలేదో చెప్పు మేస్త్రీ" అన్నాను. నాన్నా అని కూడా అనలేదు. నువ్వు చెరో చేత్తో పట్టుకుని, ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు ఆగి, నీళ్ళ గుడ్డ ఎత్తావు. టైర్లవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

నలుగురిలో అవమానించాను, ఆ నలుగురిలోనే నీ కాళ్ళు పట్టుకుంటాను. నీకు వాసన తెలియకపోతేనేం, నాకు తెలుస్తుంది కదా. షెడ్డుకి వచ్చెయ్ నాన్నా. నీ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

నీ పొగరుబోతు కూతురు

అమ్మా,

చివరిదాకా చదివాను.

గొట్టం చీలిక బాగా పట్టావు. పనిలో నీకు వంక పెట్టడానికేం లేదు. మూత మూడుసార్లు మార్చడం నా తప్పే, నర్సమ్మ గారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. ముక్కు పోయి రెండేళ్ళైంది. చెబితే మూల కూర్చోబెడతారని దాచాను.

ముక్కు పోయింది గానీ వేళ్ళు పోలేదే. పెట్రోలు చేతికి తగిలితే జిల్లుమంటుంది, చూస్తుండగానే ఆరిపోతుంది. నీళ్ళు అలా ఆరవు. నీకు పదేళ్ళప్పుడు నీ వేలు పట్టుకుని నేనే నేర్పాను. నువ్వు మర్చిపోయావు. గుడ్డలు చేతిలో పడగానే ఏది ఏదో నాకు తెలిసింది. అంతసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నది వాసన కోసం కాదు. "చాల్లే నాన్నా, ఇలా ఇచ్చెయ్" అంటావేమోనని. అనలేదు. అప్పుడు కావాలనే నీళ్ళ గుడ్డ ఎత్తాను. నా కూతురు ఎంతదాకా వెళ్తుందో చూద్దామనిపించింది. చూశాను.

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఇన్నాళ్ళూ ఉత్త సామెతే అనుకున్నాను.

నేను రాను. స్టూలు మీద నువ్వే కూర్చో. షెడ్డు రెండో తాళంచెవి ఈ కవర్లో పెట్టాను. బోర్డు మీద రాత చెరిపించెయ్. ఎవరైనా అడిగితే ఊరెళ్ళాడని చెప్పు, ఆ అబద్ధం నీకు అలవాటైందిగా.

ఇట్లు,
మేస్త్రి